మూల తెగిన నెగెటివ్

పత్రికవాళ్ళతో తగాదా తీరి, పుస్తకం ప్రెస్సుకి చేరి, ఇక అచ్చు పడటమే తరువాయి అన్న చోట మనం ఫొటో మాస్టారి కూతురు రీలుని వదిలిపెట్టాం.

తగాదా గుర్తుంది కదా. ఫొటో మాస్టారు జీవితమంతా ఒకే పత్రికలో పనిచేశాడు. ఆయన తీసిన ప్రతి ఫొటో కింద 'మా ఫొటోగ్రాఫర్' అని పడిందే తప్ప ఆయన పేరు ఒక్కసారీ పడలేదు. ఆయన పోయాక బీరువా నిండా నెగెటివ్‌లు మిగిలాయి. జీతం మేమిచ్చాం కాబట్టి ఫొటోలూ మావే అంది పత్రిక. మీరు అచ్చు వేసుకున్నవి మీవి, వేసుకోనివి మా నాన్నవి అంది కూతురు. లాయర్లు చొక్కాలు చింపుకోవడం ఒకటే తక్కువ. చివరికి ఆ మాట మీదే రాజీ కుదిరింది.

అలా దక్కినవాటిలోంచే పుస్తకం తయారైంది. ఏరడం ఏమంత కష్టం కాలేదు. కొన్ని నెగెటివ్‌లకి ఒక మూల కత్తెరతో ఏటవాలుగా కత్తిరించి ఉంది. పత్రికాఫీసుల్లో అదొక పాత అలవాటు. నచ్చిన ఫ్రేము అంచున గంటు పెడితే, చీకటిగదిలో ప్రింటు తీసేవాడు వేలితో తడిమి పట్టుకుంటాడు. కాబట్టి మూల తెగినవన్నీ మాస్టారు మెచ్చినవే అని ఎడిటర్ తేల్చాడు. చూస్తే నిజంగానే ఒకదాన్ని మించి ఒకటి. రీలు కూడా సరేనంది.

రీలు అనేది తండ్రి పెట్టిన ముద్దుపేరు. మాట మొదలుపెడితే చుట్ట విప్పినట్టే, ఆగదని. ఇప్పుడు ఆమెకి కళ్ళజోళ్ళ షాపుంది. ఇద్దరు పనివాళ్ళకి అది అప్పగించి ఆ ఉదయం ప్రెస్సు మేడ మీద ఎడిటర్ గదిలో కూర్చుంది. కింద యంత్రాలు తిరుగుతుంటే బల్ల మీద టీ గ్లాసులో సన్నగా అలలు లేస్తున్నాయి. గోడకి అట్ట బొమ్మ అంటించి ఉంది. బల్ల మీద లోపలి పేజీల ప్రూఫులు పరిచి ఉన్నాయి.

అట్ట మీద ఒక ఆస్పత్రి నడవ. గోడ పొడవునా స్ట్రెచర్లు. ఒక స్ట్రెచర్ ముందు ఒక యువతి తల వెనక్కి వాల్చి, కళ్ళు మూసుకుని, నోరారా నవ్వుతోంది. స్ట్రెచర్ మీద తలదాకా దుప్పటి కప్పిన మనిషి. ఒక చెయ్యి మాత్రం బయటికి జారింది. మిల్లులో బాయిలర్ పేలిన రోజు తీసిన ఫొటో అది. పై భాగాన, మొట్టమొదటిసారి, మాస్టారి పేరు.

"చావుల మధ్య నవ్వు!" అన్నాడు ఎడిటర్. "పుస్తకాల షాపు ముందు మనిషనేవాడు ఆగకపోతే నా కళ్ళజోడు తీసి మీకిచ్చేస్తాను."

"వద్దులెండి సార్. ఆ ఫ్రేము నా షాపులో పెడితే వచ్చే బేరాలు కూడా పోతాయి."

ఎడిటర్ నవ్వాడు. రీలు నవ్వలేదు. ఆమె చూపు పేరు మీదే ఉంది. పొద్దుటినుంచి ఎన్నోసారో ఆ అక్షరాలని వేలితో తడిమింది. ఈ ఒక్క వరస అక్షరాలు చూడటానికి ఆయన లేడు. ఉంటే ఏమనేవాడు? "నా పేరు ఇంత పెద్దదా?" అనేవాడేమో.

మెట్ల మీద ఆయాసం వినిపించింది. గుమ్మంలో ఒకావిడ నిలబడింది. సగం నెరిసిన జుట్టు. టైలర్లు వాడే కొలతల టేపు మెడలోనే ఉంది. తీయడం మరిచిపోయి వచ్చినట్టుంది.

"ఫొటో మాస్టారి అమ్మాయి ఎవరు?"

"నేనేనండి. రండి, కూర్చోండి."

ఆవిడ కూర్చోలేదు. గోడ మీది అట్ట బొమ్మని చూసింది. చూసిన కళ్ళు వెంటనే దించుకుంది.

"అది నేను" అంది.

ఎడిటర్ ఒక్క ఉదుటున లేచాడు. "అమ్మా! మీకోసం ఎంత వెతికించామో తెలుసా? మిల్లు యూనియన్‌లో ఎవరినడిగినా తెలీదన్నారు. దేవుడు పంపినట్టు వచ్చారు. ఆవిష్కరణ రోజు మిమ్మల్ని వేదిక ఎక్కిస్తాం!"

"నేనెక్కడానికి రాలేదు బాబూ. ఆ అట్ట మీంచి దిగిపోదామని వచ్చాను."

ఎడిటర్ కుర్చీ ముందుకి జరిపాడు. ఇలాంటివాళ్ళని చూసిన అనుభవం ఉన్నవాడు. మెత్తగా మొదలుపెట్టాడు. "మీ బాధ అర్థమైంది. కానీ చట్టం ఒకటుంది కదమ్మా. ఫొటో మీద హక్కు తీసినవాడిది. ఆయన పోయాక వారసులది. అంటే ఈ అమ్మాయిది. ఫొటోలో పడ్డవాళ్ళది కాదు. ఏమీ అనుకోకండి, ఆ చట్టం నేను రాసింది కాదు."

"నేను టైలర్ని" అంది ఆవిడ. "బట్ట కొనేది మీరు, కుట్టేది నేను. అయితే మాత్రం, బిగుతైపోతే ఊపిరాడంది ఎవరికి? తొడుక్కున్నవాడికే గదా." ఆవిడ చూపు ఎడిటర్ భుజాల మీద ఆగింది. "మీ చొక్కా కూడా ఎవరో హక్కు ఉంది కదా అని కుట్టినట్టున్నారు. కుడి భుజం జారిపోయింది."

ఎడిటర్ చెయ్యి తనకి తెలియకుండానే భుజం మీదికి వెళ్ళింది.

రీలు ఆవిడకి మంచినీళ్ళు ఇచ్చింది. "అమ్మా, ఇందులో మిమ్మల్ని తక్కువ చేసేది ఏమీ లేదు. నాన్నకి అన్నిటికంటే నచ్చిన ఫొటోల్లో ఇదొకటి. అందుకే గుర్తు పెట్టుకున్నాడు. చూడండి, మూల కత్తిరించి ఉంచాడు."

టైలరమ్మ గ్లాసు బల్ల మీద పెట్టేసింది. రీలు మొహంలోకి నమ్మలేనట్టు చూసింది.

"నచ్చి కత్తిరించాడా? ఎవరు చెప్పారు నీకా మాట?"

"అది పత్రికల్లో అలవాటు."

"ఆ కత్తెర నాది తల్లీ."

కింద యంత్రం తన పని తను చేసుకుపోతోంది.

"అంత్యక్రియలయ్యాక నేనే పత్రికాఫీసుకి వెళ్ళాను" అని చెప్పింది ఆవిడ. "ఆ రోజు నడవలో కెమెరా పట్టుకున్నాయన ఎవరని అడిగితే మీ నాన్నని చూపించారు. బాబూ, నేను నవ్వుతుంటే తీశావు, అది వెయ్యొద్దు అన్నాను. వేస్తానని ఇంకా ఎవరికీ చెప్పలేదమ్మా అన్నాడు. కాల్చెయ్యి అన్నాను. కాల్చడం నా చేత కాదు, వెయ్యొద్దంటే మాత్రం చచ్చినా వెయ్యను అన్నాడు. నేను నమ్మలేదు. నమ్మకపోవడం మొహంలో కనబడిపోయింది కాబోలు. కత్తెరుందా అని అడిగాడు. టైలర్ సంచీలో కత్తెర లేకుండా ఉంటుందా? తీసిచ్చాను. ఆ ఫిల్ము ముక్కని కిటికీ దగ్గర పట్టుకుని, ఇదుగో చూడు, నువ్వే అని చూపించి, నా ఎదురుగానే మూల కత్తిరించాడు. ఇక ఇది చీకటిగదిలోకి వెళ్ళదు, ఇలాంటి గుర్తున్నది నేనెవరికీ ఇవ్వను అన్నాడు. ఇన్నేళ్ళూ ఇవ్వలేదు."

రీలు ఒక్కసారిగా బల్ల వైపు తిరిగింది. ప్రూఫులు ఒక్కొక్కటే తీసింది.

బరిలో ఓడిన మల్లయోధుడు బట్టలు మార్చుకునే గదిలో గోడకి తల ఆనించి ఏడుస్తున్నాడు. ఒక పోలీసు, లాఠీ పక్కన పడేసి, అరెస్టయిన ముసలాయన కాళ్ళు పట్టుకుని ఉన్నాడు. ఒక నడివయసు టీచర్ ఖాళీ క్లాసులో పిల్లల బెంచీ మీద పడుకుని నిద్రపోతోంది, నోరు తెరిచి. అన్నిటికీ మూల తెగింది. నిన్నటిదాకా అవన్నీ గొప్ప ఫొటోలు. ఇప్పుడు ఒక్కో పేజీలోంచి ఒక్కో మనిషి చెయ్యి అడ్డం పెట్టుకుంటున్నట్టుంది. అసలు పత్రికలో పెట్టే గంటు అర్ధచంద్రం ఆకారంలో ఉంటుంది. ఇది ఏటవాలు కోత. ఆ తేడా ఏరేటప్పుడే రీలు చూసింది. ఎడిటరూ చూశాడు. ఎవరి కత్తెర వాళ్ళదిలే అనుకున్నారు.

ఒకసారి, ఆయన బాగున్న రోజుల్లో, బీరువా తలుపు తెరిచి రీలు అడిగింది: ఇంత మంచివి ఎవరికీ చూపించవేం నాన్నా? ఇవి నావి కావే, అన్నాడాయన. పత్రిక సొత్తు అంటున్నాడనుకుంది. ఆ ఒక్క మాటకే కడుపు మండి, పోయాక కోర్టుకెక్కి, ఇవి మా నాన్నవే అని గెలుచుకొచ్చింది.

"సార్" అంది. "మనం ఏరింది ఆయన మెచ్చినవి కాదు. ఆయన మాటిచ్చినవి."

ఎడిటర్ కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు. అతను చెడ్డవాడు కాదు. ఈ పుస్తకం కోసం రీలు కన్నా ఎక్కువ తిరిగినవాడు.

"ఒక్క మాట చెప్తాను, కోపం తెచ్చుకోవద్దు" అన్నాడు. "కాల్చమంటే కాల్చలేదు. ఎందుకని? కాలిస్తే గొడవ వదిలిపోయేదిగా. దాచాడంటే, ఎప్పటికైనా ఎవరో చూడాలని ఏ మూలో ఉండబట్టే. తను బతికుండగా మాట తప్పలేదు. తర్వాత సంగతి మనకి వదిలేశాడు. మాట ఇచ్చింది ఆయన. మీరు కాదుగా?"

"ఆయన ఆస్తి తీసుకుంది నేనేగా సార్. మాట మాత్రం ఆయనతోనే పోయిందంటే ఎలా?"

"అమ్మా, ఈ పేజీలు తీసేస్తే మిగిలేదేంటో తెలుసా? అట్ట. అట్ట మీద ఒక పేరు. లోపల ఏమీ ఉండదు."

ఆ దెబ్బ తగలవలసిన చోటే తగిలింది. రీలు కళ్ళు అట్ట మీదికి వెళ్ళాయి. టైలరమ్మ అది గమనించింది. ఇప్పటిదాకా నిలబడే ఉన్న మనిషి మెల్లగా కుర్చీలో కూలబడింది.

"నీ కష్టం నేను ఎరగనిది కాదు తల్లీ. నీ నోటి దగ్గర కూడు లాక్కోవడానికి రాలేదు. నా పరువే అయితే, పోనీ, ఈ వయసులో ఎవరేమనుకుంటే నాకేంటి అని ఊరుకునేదాన్ని. ఆ నవ్వు ఎందుకో నీకు తెలుసా?"

రీలు తల అడ్డంగా ఊపింది.

"లోపలికి పిలిచారు. మొహం చూడలేరమ్మా, కాలిపోయింది, చెయ్యి చూసి చెప్పండి అన్నారు. మా ఆయనకి కుడిచేతి చూపుడువేలు సగమే ఉండేది. మిషన్లో పోయింది. ఆ చేతికి చూస్తే అయిదు వేళ్ళూ ఉన్నాయి. నిండుగా ఉన్నాయి. మా ఆయన కాదు! బతికే ఉన్నాడు! అంతే, నవ్వు తన్నుకొచ్చింది. ఆపుకుందామంటే ఆగలేదు. అప్పుడే మీ నాన్న తీశాడు."

ఆవిడ టేపుని వేలికి చుట్టుకుంటోంది, విప్పుతోంది.

"అక్కడే గోడ పక్కన ఒక పిల్ల కూర్చుని ఉంది. నిండు చూలాలు. మొహం చేతుల్లో పెట్టుకుంది. నా మొగుడు కాదంటే ఇక వాడు ఆ పిల్ల మొగుడే అన్నారు. నా నవ్వు చల్లారక ముందే శవాన్ని మూటకట్టి వాళ్ళకి అప్పగించేశారు. తర్వాత నన్ను ఇంకో స్ట్రెచర్ దగ్గరికి తీసుకెళ్ళారు. దాని మీద చేతికి సగం వేలే ఉంది."

ఎడిటర్ తల దించుకున్నాడు. రీలు ఆవిడ భుజం మీద చెయ్యి వేసింది. ఆవిడ ఏడవడం లేదు. ఏడుపు ఏనాడో అరిగిపోయిన మనిషిలా మాట్లాడుతోంది.

"ఆ పిల్ల ఇప్పుడు నా చెల్లెలు. తోడబుట్టకపోయినా చెల్లెలే. మిల్లు గేటు ముందు ధర్నాలో పక్కపక్కన కూర్చున్నాం. పురిటికి నేనే ఉన్నాను. తర్వాత ఒకే ఇంట్లో చేరాం. నేను కత్తిరిస్తాను, అది కుడుతుంది. దాని కూతురు మా ఇద్దరినీ అమ్మా అనే పిలుస్తుంది, ఎవరిని పిలిచిందో తెలీక ఇద్దరం పలుకుతాం. ఇన్నేళ్ళలో ఒక్కటే దాచాను. ఆ రోజు ఎవరో నవ్వారక్కా, మా ఆయన దగ్గర నిలబడి ఎవరో పకపకా నవ్వారు, వాళ్ళకి మనసెలా వచ్చింది అని అది ఇప్పటికీ అంటుంది. అది వింది. చూడలేదు. నేను దుప్పటి కప్పుకుని ఊ కొడతాను."

రీలు బల్ల వైపు చూసింది. బల్ల మీద మధ్య పేజీలు తెరిచే ఉన్నాయి. అక్కడ ఫొటో పూర్తి ఫ్రేముతో ఉంది. ఎడమ అంచున, గోడ పక్కన, మొహం చేతుల్లో దాచుకున్న గర్భిణి.

"ఆవిడేనా?"

"అదే. నిన్న మీ ఆఫీసు నుంచి దానికి ఫోనొచ్చింది. మిల్లు ప్రమాదం రోజు ఫొటోలో మీరున్నారు, ఒకసారి వచ్చి చూసి అభ్యంతరం లేదని చెప్పండి అన్నారట. అక్కా, నా ఫొటో పుస్తకంలో వస్తుందట అని అది మురిసిపోయింది. ఇవాళ సాయంత్రం వస్తోంది. అందుకని పొద్దున్నే పరిగెత్తుకొచ్చాను."

రీలు ఎడిటర్ వైపు తిరిగింది.

"నేనే చేయించాను" అన్నాడతను నీరసంగా. "అంచున ఉన్నావిడ నిండు చూలాలు కదా, ఆ గుర్తు మీద అడ్రసు, ఫోను నంబరు యూనియన్‌లో దొరికాయి. చెప్పకుండా వేస్తే బాగుండదని, మర్యాద కోసం..." మాట మధ్యలోనే వదిలేశాడు.

రీలు గోడ దగ్గరికి వెళ్ళింది. అట్ట బొమ్మకి నాలుగు మూలలా అంటించిన టేపు గోటితో లేపింది. పేరున్న వైపు ఊడిరావడానికి కొంచెం మొరాయించింది. ఊడదీసి చుట్ట చుట్టింది.

"ఆపండి సార్."

"అట్ట మారుద్దాం. లోపలి ఫొటో తీసేద్దాం. మిగతావి..."

"మిగతా మూలలు కూడా ఎవరికో మాటిచ్చి కత్తిరించినవే కదా. అంతా ఆపండి."

"కాంట్రాక్టు మీద సంతకం మీదే. గుర్తుందిగా?"

"ఉంది. కోర్టు నాకు కొత్తేం కాదు. అక్కడి క్యాంటీన్‌లో నన్ను అందరూ ఎరుగుదురు."

ఎడిటర్ ఫోన్ ఎత్తి కింద మిషన్ రూమ్‌తో మాట్లాడాడు. "మాస్టారి పుస్తకం ప్లేట్లు ఎక్కించారా?... ఇంకా లేదా? మంచిదైంది. పక్కన పెట్టండి... ఎందుకో తర్వాత చెప్తాను... చెప్తానన్నానా!" ఫోన్ పెట్టేసి, ఎవరికీ కాకుండా అన్నాడు: "మహానుభావుడు. బతికున్నప్పుడు పేరు పత్రికవాళ్ళు వెయ్యలేదు. పోయాక తనే వెయ్యనివ్వడు."

అప్పుడు రీలుకి ఏడుపొచ్చింది. తండ్రి పోయిన రోజున కూడా అంత రాలేదు. చుట్టిన అట్ట గుండెకి ఆనించుకుని, చప్పుడు చెయ్యకుండా ఏడ్చింది. టైలరమ్మ లేచి, తన కొంగుతో ఆమె మొహం తుడిచింది.

"మీ నాన్న పేరు నాకు తెలుసు తల్లీ" అంది. "రోజూ తలుచుకుంటాను."

"అక్కా?"

ముగ్గురూ ఉలిక్కిపడ్డారు. గుమ్మంలో ఇంకొకావిడ. సన్నగా, చురుగ్గా ఉంది. చేతిలో చిన్న సంచీ, ముక్కు మీద మందపాటి కళ్ళజోడు.

"నువ్వేంటి ఇక్కడ? గుండీలు కొనడానికి బజారుకని చెప్పి బయల్దేరావుగా! ఇక్కడేమైనా గుండీలు అచ్చేస్తున్నారా?" అని నవ్వింది. "సాయంత్రం దాకా ఆగలేక నేనే ముందొచ్చేశాను. ఏదీ, నా ఫొటో ఏదీ?"

రీలు చటుక్కున బల్లకి అడ్డం నిలబడి, మధ్య పేజీల మీద రెండు చేతులూ పరిచింది.

"అదీ... బాగా రాలేదండి. వెయ్యడం మానేశాం."

"బాగా రాకపోతే నేను చూసుకోకూడదా? ఆ రోజు నేనేమన్నా పెళ్ళికూతుర్నా, బాగా రావడానికి? చెయ్యి తియ్యమ్మా."

రీలు తియ్యలేదు. చెల్లెలు ఆ చేతులని ఒకటి తర్వాత ఒకటి, పసిపిల్ల పిడికిలి విప్పినట్టు మెత్తగా పక్కకి జరిపింది. కళ్ళజోడు సర్దుకుని వంగింది.

టైలరమ్మ కళ్ళు గట్టిగా మూసుకుంది. "చెల్లీ" అంది. "ఆ నవ్వుతున్నది..."

చెల్లెలు వినిపించుకోలేదు. ఆమె వేలు ముందు తన బొమ్మ మీద ఆగింది. తర్వాత నవ్వుతున్న మొహం మీదుగా జారింది. అక్కడ ఆగలేదు. స్ట్రెచర్ దగ్గరికి వెళ్ళి, దుప్పటి కిందనుంచి జారిన చేతి మీద నిలిచిపోయింది.

"ఇదెవరు?"

వేలు అక్కడే ఉంచి తల ఎత్తింది.

"ఇదెవరక్కా? నా ముందున్న స్ట్రెచర్ ఇదొక్కటేగా?"

"మీ ఆయనే" అంది టైలరమ్మ, కళ్ళు తెరవకుండానే.

"కాదు."

చెల్లెలు నిటారుగా లేచి నిలబడింది. రంగు పాలిపోయిన మొహంతో ముగ్గురినీ మార్చి మార్చి చూసింది.

"మా ఆయన కుడి మోచెయ్యి చిన్నప్పుడు విరిగి వంకరగా అతుక్కుంది. చచ్చినా తిన్నగా చాపలేడు. అన్నం కలుపుకోవడం కూడా ఎడమచేత్తోనే. ఇది కుడి చెయ్యి. తిన్నగా వేలాడుతోంది."

"మరి మీకు అప్పగించినప్పుడు..." అన్నాడు ఎడిటర్.

"నేను చూడలేదు బాబూ. నన్ను చూడనివ్వలేదు. నిండు గర్భిణివి, నువ్వు చూడకూడదు వదినా, నేను చూశాను, అన్నయ్యే అని మా మరిది చెప్పాడు. సంతకం కూడా వాడే పెట్టాడు. అన్నయ్య మోచెయ్యి వాడికి తెలీనిదా?"

టైలరమ్మ కళ్ళు తెరిచింది. "ఎక్కడున్నాడే వాడు?"

"కిందే ఉన్నాడక్కా. ఫొటో సంగతి చెప్తే, నేనూ చూస్తాను వదినా, పద అని తొందరపెట్టి, బండి మీద నన్ను తీసుకొచ్చింది వాడే."

మెట్ల మీద చెప్పుల చప్పుడు మొదలైంది.